స్టెమ్ సెల్స్: ల్యాబ్‌లో కణాలకు పెట్టే ‘తిండి’ ఏంటి? అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే!

స్టెమ్ సెల్ థెరపీ పేరు విననివాళ్లు ఇప్పుడు తక్కువే. మోకాలి నొప్పి నుంచి నరాల జబ్బుల దాకా.. అన్నింటికీ ఇదే మందంటూ ప్రకటనలు కనిపిస్తున్నాయి. కానీ ఆ కణాలను ల్యాబ్‌లో ఏం పెట్టి పెంచారన్నది మాత్రం పెద్దగా ఎవరూ అడగరు.

మన ఎముక మజ్జ, కొవ్వు, బొడ్డుతాడులో మీసెన్‌కైమల్ స్టెమ్ సెల్స్ ఉంటాయి. ఎముక, కొవ్వు, మృదులాస్థి కణాలుగా మారగలగడం వీటి ప్రత్యేకత. చిక్కేంటంటే.. మజ్జలో పది వేల నుంచి లక్ష కణాలు వెతికితే ఇలాంటిది ఒకటి దొరుకుతుంది. చికిత్సకు కోట్లలో కావాలి. అందుకే వీటిని ఫ్లాస్కుల్లో 37 డిగ్రీల వేడిలో వారాల తరబడి పెంచుతారు. ఆ ఫ్లాస్కులో పోసే ద్రవమే కల్చర్ మీడియం.

ఇందులో గ్లూకోజ్, లవణాలు, అమినో ఆమ్లాలు, విటమిన్లు ఉంటాయి. డీఎంఈఎం, ఆల్ఫా ఎంఈఎం అనే రకాలు ఎక్కువగా వాడతారు. అయితే అసలు పేచీ వీటితో కాదు. కణాలు పెరగాలంటే గ్రోత్ ఫ్యాక్టర్లు కావాలి.. వాటి కోసం ఏం కలుపుతారన్నదే ముఖ్యం.

దూడ సీరంతో ఇబ్బందేంటి?

దశాబ్దాలుగా వాడుతున్నది ఫీటల్ బొవైన్ సీరం. కబేళాలో వధించిన ఆవు కడుపుతో ఉంటే, లోపలి పిండం రక్తం నుంచి దీన్ని తీస్తారు. మీడియంలో సాధారణంగా 10 శాతం కలుపుతారు. బాగానే పనిచేస్తుంది, కానీ ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ పొంతన ఉండదు. అందుకే ల్యాబులు ముందే పరీక్షించి, నచ్చిన బ్యాచ్‌ను ఎక్కువ మొత్తంలో కొని ఫ్రీజర్‌లో దాచుకుంటాయి.

పశువుల వైరస్‌లు, ప్రియాన్ల భయం ఎలాగూ ఉంది. పైగా దూడ ప్రోటీన్లు కణాల లోపలికి చేరతాయి. పది కోట్ల కణాలతో 7 నుంచి 30 మిల్లీగ్రాముల ప్రోటీన్లు వెళ్తాయని 2004లో ఓ అధ్యయనం లెక్కగట్టింది. వాటిపై రోగి శరీరం యాంటీబాడీలు తయారుచేసే ప్రమాదం ఉంది.

ప్లేట్‌లెట్లు ఉన్నాయిగా!

రక్తదాతల ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులే నిల్వ ఉంటాయి. గడువు దాటినవాటిని గడ్డకట్టించి, కరిగిస్తే పగిలిపోయి గ్రోత్ ఫ్యాక్టర్లు బయటికొస్తాయి. ఇదే ప్లేట్‌లెట్ లైసేట్. చాలా ల్యాబుల్లో దూడ సీరం కంటే దీంతోనే కణాలు వేగంగా పెరుగుతున్నాయి. కాకపోతే మీడియం జెల్లీలా గడ్డకట్టకుండా హెపారిన్ కలపాలి. ఆ హెపారిన్ వచ్చేది ఎక్కువగా పంది పేగుల నుంచే.. జంతు పదార్థం వద్దనుకుంటే మళ్లీ అదే ఎదురైందన్నమాట! ఫైబ్రినోజెన్ తీసేసిన లైసేట్‌తో ఆ అవసరం తప్పుతుంది.

సీరం అసలే లేని మీడియాలూ ఉన్నాయి. ఖరీదు ఎక్కువ. కొన్నింటికి ఫ్లాస్కు అడుగున ప్రత్యేక పూత కావాలి.

మరి ఏది ఎంచుకోవాలి? కణాలు ల్యాబ్ పరిశోధనకే అయితే దూడ సీరం సరిపోతుంది. మనిషి ఒంట్లోకి వెళ్లేవైతే మొదటి రోజు నుంచే జంతు సీరం లేని మీడియం మేలు. మధ్యలో మారిస్తే కణాల తీరూ మారొచ్చు. మార్చక తప్పకపోతే సీడీ73, సీడీ90, సీడీ105 గుర్తులు ఉన్నాయో లేదో, మూడు రకాల కణాలుగా మారుతున్నాయో లేదో మళ్లీ పరీక్షించాల్సిందే. 2006లో అంతర్జాతీయంగా పెట్టుకున్న ప్రమాణాలివే.

మన దేశంలో అనుమతి లేని జబ్బులకు స్టెమ్ సెల్స్‌ను క్లినికల్ ట్రయల్‌లో తప్ప ఇవ్వకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్ నమోదైందో లేదో సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. కణాలను ఏ సీరంతో పెంచారన్నది మాత్రం, సంతకం పెట్టే ముందే డాక్టర్‌ను అడిగి తెలుసుకోవాలి.