మేనరికం - సంతానం: గోత్రం వేరైనా బీజం ఒకటి కావచ్చు

చిలమత్తూరు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో అక్క కూతురిని తమ్మునికిచ్చుట, మేనమామ కూతురిని మేనత్త కొడుకునకిచ్చుట తరతరాలుగా వస్తున్న ఆచారం. తెలిసిన ఇల్లు, ఆడపిల్లకు అమ్మమ్మే అత్తగారు, ఆస్తి చెదరదు - ఇవన్నీ ఈ సంబంధాలలోని సౌకర్యాలు. గోత్రాలు వేరు కనుక సంతానానికి దోషం లేదని పెద్దలు ధైర్యం చెబుతారు. మరొక వైపు, మేనరికమైతే అవిటి బిడ్డలే పుడతారని భయపెట్టేవారూ కలరు. ఈ రెండు మాటలలోను సత్యం సగమే. మిగిలిన సగం ఏమిటో తెలుసుకొనుట ప్రతి గృహస్థునకు అవసరం.

ఆయుర్వేదం ఏమి చెప్పినది?

చరక సంహితలో శారీరస్థానం రెండవ అధ్యాయానికి 'అతుల్యగోత్రీయం' అని పేరు. గోత్రం వేరైన స్త్రీపురుషుల కలయిక ప్రస్తావనతోనే ఆ అధ్యాయం ప్రారంభమవుతుంది. అదే స్థానంలో బీజం, బీజభాగం, బీజభాగావయవం అనే సూక్ష్మ విభజన కూడ ఉన్నది. బీజంలో ఏ భాగం చెడునో, శిశువులో దానికి సంబంధించిన అవయవమే వికారం పొందునని, ఆ భాగం చెడనిచో తల్లిదండ్రుల వైకల్యం బిడ్డకు రానవసరం లేదని ఆచార్యుల అభిప్రాయం. నేటి శాస్త్రజ్ఞులు 'జన్యువు' అని పిలుస్తున్న దానికి ఈ భావన ఎంతో చేరువగా ఉన్నది.

అయితే గోత్రం తండ్రి నుండి మాత్రమే సంక్రమిస్తుంది. బీజం తల్లిదండ్రులిద్దరి నుండి సమానంగా వస్తుంది. చిక్కంతా ఇక్కడే. పెదనాన్న కూతురిది మన గోత్రమే కనుక ఆమె చెల్లెలు. మేనమామ కూతురిది వేరు గోత్రం కనుక ఆమె మరదలు. కాని జన్యువుల లెక్కలో ఇద్దరూ సమానమే. ఇద్దరితోను మనకు ఎనిమిదింట ఒక వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామకు, మేనకోడలికి మధ్య ఈ ఉమ్మడి భాగం నాలుగింట ఒక వంతు. కావున శాస్త్రకారుల ఉద్దేశం రక్తసంబంధాన్ని దూరంగా ఉంచుటయే అయినచో, గోత్రం వేరైనంత మాత్రాన అది నెరవేరినట్లు కాదు.

దోషం ఎట్లు బయటపడును?

ప్రతి మనిషిలోను ప్రతి జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లిది, రెండవది తండ్రిది. ఒక ప్రతి చెడినా రెండవది పని నెట్టుకొని వచ్చే వ్యాధులు అనేకం. అట్టి మనిషి జీవితాంతం ఆరోగ్యంగానే ఉంటాడు. తనలో లోపమున్నదని అతనికే తెలియదు. భార్యాభర్తలిద్దరిలోను అదే జన్యువు చెడి ఉన్నప్పుడు మాత్రం ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

ఒక ఉదాహరణ చూడండి. అవ్వలో అట్టి లోపమొకటి దాగి ఉన్నదనుకొందాం. ఆమె కొడుకు తన అక్క కూతురిని వివాహమాడితే, వారికి కలిగే బిడ్డలో అది వ్యాధిగా బయటపడే అవకాశం 32లో 1. అదే అవ్వ మనుమడు మేనత్త కూతురిని చేసుకొంటే 64లో 1. మనుమడు బయటి సంబంధం చేసుకొని, ఆ బయటివారిలో నూటికొకరిలో ఆ లోపం ఉన్నదనుకొంటే, అవకాశం 1600లో 1 మాత్రమే.

హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్ళు తెచ్చే రైతుకు ఈ సూత్రం క్రొత్త కాదు. ఒకే జాతి పురుగులను తమలో తామే కలుపుతూ పోక, మైసూరు జాతికి వేరొక జాతిని సంకరం చేసిన గుడ్లను తెచ్చి మేపుతాడు.

పరిశోధనలు తెలిపిన నిజాలు

ఈ విషయంపై తొలి కృషిలో తెలుగువారి పాత్ర ముఖ్యమైనది. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు, 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేన్ వద్ద శిక్షణ పొందారు. పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రదేశంలోని మేనరికాలను, వాటి ఫలితాలను పరిశీలించి 1960ల ఆరంభంలో ప్రచురించారు. తరువాత 1980లలో బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థకు చెందిన అప్పాజీరావు, విదేశీ శాస్త్రజ్ఞుడు బిట్టిల్స్ మొదలగువారు మన పొరుగున ఉన్న కర్ణాటకలో లక్షకు పైగా వివాహాలను పరిశీలించగా, దాదాపు మూడింట ఒక వంతు రక్తసంబంధ వివాహాలేనని తేలినది.

ప్రపంచంలోని 69 జనసమూహాల లెక్కలను క్రోడీకరించి బిట్టిల్స్, బ్లాక్ 2010లో ప్రచురించిన ఫలితం ప్రకారం, బావామరదళ్ళ వంటి దగ్గరి బంధువులకు కలిగిన సంతానంలో మరణాలు ఇతరులకంటే నూటికి సుమారు 3.5 ఎక్కువ. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో వేలాది కాన్పులను పరిశీలించి 2013లో ప్రకటించిన నివేదికలో, పుట్టుకతో వచ్చే లోపాలు ఇట్టి దంపతులకు నూటికి 3 నుండి 6కు పెరిగినట్లు కనుగొన్నారు. అనగా ముప్పు రెట్టింపైనది నిజమే. నూటికి 94 మంది బిడ్డలు ఆ లోపాలు లేకుండా పుట్టినదీ నిజమే. మేనమామ-మేనకోడలు వివాహంలో ఉమ్మడి భాగం ఎక్కువ కనుక జాగ్రత్తయు ఎక్కువ కావలెను.

మేనరికం వలన అసలు గర్భమే నిలువదనుట మాత్రం సరికాదు. ఇట్టి దంపతులకు సంతానం తక్కువని పరిశోధనలు చూపలేదు. కావున గర్భం రాకున్నా, మాటిమాటికి స్రావమగుచున్నా నెపం మేనరికంపైకి నెట్టి ఊరుకోక, భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకొనవలెను.

కోడలిని నిందించకండి

బిడ్డ పోయినా, లోపంతో పుట్టినా మన ఇళ్ళలో మొదటి మాట పడేది కోడలు. పైన చెప్పిన వ్యాధులలో చెడిన ప్రతి ఒకటి తల్లి నుండి, మరొకటి తండ్రి నుండి వస్తేనే బిడ్డకు వ్యాధి. ఇందులో ఇద్దరి భాగమూ సమానమే. ఆమెను విడనాడి ఆమె చెల్లెలిని ఇచ్చి చేసినందువలన ముప్పు తొలగదు. చెల్లెలిలోనూ అదే లోపం ఉండే అవకాశం సగానికి సగం.

గృహస్థులు చేయవలసినవి

నిశ్చితార్థానికి ముందే ఇరుపక్షాల మూడు తరాల వివరాలు కాగితంపై వ్రాయండి. పసితనంలో కారణం తెలియక పోయిన బిడ్డలు, పుట్టు చెవుడు, చూపు లోపం, బుద్ధిమాంద్యం, తరచు రక్తం ఎక్కించుకొన్నవారు - ఎవరినీ దాచకండి. ఇట్టి చరిత్ర ఉన్నచో ఆ సంబంధం మానుకొనుట మేలు. లేదా ముందుగా జన్యువైద్యులను సంప్రదించవలెను. హైదరాబాదు, బెంగళూరు నగరాలలో ఇట్టి వైద్యులు కలరు.

వివాహం ఇదివరకే జరిగినవారు దిగులు చెందనక్కరలేదు. గర్భధారణకు ముందే దంపతులు తలసీమియా వాహకత్వానికి రక్తపరీక్ష చేయించుకొనవలెను. గర్భం దాల్చుటకు కనీసం ఒక నెల ముందు నుండి స్త్రీ వైద్యుని సలహాపై ఫోలిక్ ఆమ్లం వాడవలెను. వెన్నుపాము, మెదడు లోపంతో ఒక బిడ్డ పుట్టిన తల్లులకు దీనిని ఇవ్వగా, అదే లోపం మరల వచ్చుట 72 శాతం తగ్గినదని 1991లో బ్రిటనులో ప్రకటించిన అధ్యయనం రుజువు చేసినది. గర్భిణికి 18-20 వారాల మధ్య శిశువు అవయవాలను చూచే స్కానింగు తప్పనిసరి.

బిడ్డ పుట్టిన మొదటి నెలలోనే వినికిడి పరీక్ష, మడమ నుండి తీసిన రక్తంతో థైరాయిడ్ పరీక్ష జరగవలెను. పాలు త్రాగక మందంగా పడి ఉండుట, ఆగని వాంతులు, మూర్ఛ, మూత్రానికి వింత వాసన కనిపిస్తే దానిని బాలగ్రహదోషమని తాయెత్తు కట్టి కాలం గడపక, వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవలెను. దురదృష్టవశాత్తు బిడ్డ దక్కకపోతే, కారణం నిర్ధారించుటకు రక్తం భద్రపరచమని వైద్యుని కోరండి. ఆ దుఃఖంలో అది కష్టమే. కాని లోపమేదో తెలిస్తేనే తరువాతి గర్భంలో మూడవ నెల చివరకు మాయ నుండి చిన్న భాగం తీసి పరీక్షించే వీలు కలుగుతుంది.

గృహవైద్యానికి హద్దు

శొంఠి వికారాన్ని తగ్గిస్తుంది. పాలు, పప్పు, ఆకుకూరలు గర్భిణికి బలాన్నిస్తాయి. కాని తల్లిదండ్రుల నుండి వచ్చిన బీజదోషాన్ని సరిచేసే కషాయం గాని, లేహ్యం గాని లేదు. ఉన్నదని చెప్పి అమ్మే మాత్రల విషయంలో జాగ్రత్త. 2011-12లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం అధికంగా కనబడగా, వారందరూ భారతదేశంలో తయారైన ఆయుర్వేద మాత్రలు వాడినట్లు తేలినది. సీసం మాయను దాటి శిశువును చేరుతుంది. సంతానం కొరకు గాని, గర్భరక్షకు గాని లోహాలు, భస్మాలు చేరిన మందులను సొంతంగా వాడరాదు.

అతుల్యగోత్రమన్న మాటలోని హితవును గోత్రనామాల వరకే పరిమితం చేయక, రక్తసంబంధం వరకు విస్తరించి చూచుట పెద్దల కర్తవ్యం. పెళ్ళిచూపుల నాడు జాతకాలతో పాటు మూడు తరాల ఆరోగ్యచరిత్ర కూడ చేతులు మారితే, రేపు పుట్టబోయే బిడ్డకు మనమిచ్చే మొదటి రక్ష అదే.