తుపాను: పుట్టుక, నడక, అంతము

సిద్దిపేట సముద్రమునకు 300 కిలోమీటర్లకు పైగా దూరమున, దక్కను పీఠభూమిపై నున్నది. సముద్రమును కన్నులార చూడని వారు ఆ పట్టణమున అనేకులు. అయినను ఆశ్వయుజ కార్తిక మాసములలో ఒక్కొక్కప్పుడు అచటి ఆకాశము అకస్మాత్తుగా మారిపోవును. మంచు కురియవలసిన దినములలో ముసురు పట్టును. వరికోతలు ముగించి కల్లములలో ధాన్యము ఆరబోసిన రైతులు పరదాలకై పరుగులు తీయుదురు. కోమటిచెరువులోనికి క్రొత్తనీరు వచ్చును. వానకాలము వెడలిపోయిన పిమ్మట వచ్చిన ఈ వాన ఎక్కడిది? చాలసార్లు అది బంగాళాఖాతమున పుట్టిన తుపాను పంపిన వాన.

తుపానునకు ఆహారము వెచ్చని సముద్రజలము. సముద్రపు పైనీరు 26, 27 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గని వేడిమి కలిగి, ఆ వేడిమి కొన్ని పదుల మీటర్ల లోతువరకు వ్యాపించి యున్నపుడు నీరు విస్తారముగా ఆవిరియగును. ఈ ఆవిరిలో కంటికి కనబడని వేడి దాగియుండును. వేసవిలో మట్టికుండలోని నీరు ఏల చల్లబడుచున్నది? కుండపై చెమర్చిన నీరు ఆవిరియగుచు లోని నీటి వేడిని తనతో కొనిపోవుచున్నది. అట్లే సముద్రపు ఆవిరియు సముద్రపు వేడిని మోసికొని పైకి పోవును. పైనున్న చల్లదనమునకు ఆ ఆవిరి నీటిబిందువులుగా మారి మేఘమగునపుడు, దాచుకొనిన వేడిని విడిచిపెట్టును. ఒక గ్రాము ఆవిరి నీరైనచో 540 కెలోరీలకు మించిన వేడి వెలువడును. ఆ వేడికి చుట్టునున్న గాలి తేలికపడి మరింత పైకెగయును. క్రింద గాలి ఒత్తిడి తగ్గి అల్పపీడనము ఏర్పడును. ఆ లోటును పూరించుటకు నలుదిక్కుల నుండి తేమగాలులు వచ్చి చేరును. అవియు పైకెగసి తమ వేడిని విడుచును. ఇట్లు తుపాను తన బలమును తానే పెంచుకొనుచుండును.

నలువైపుల నుండి వచ్చు గాలులు తిన్నగా కేంద్రమును చేరలేవు. భూమి తన చుట్టు తాను తిరుగుటచే, ఉత్తరార్ధగోళమున గాలులు తమ మార్గమునకు కుడివైపునకు ఒరగును. అందుచే అవి కేంద్రము చుట్టు, గడియారపు ముండ్లు తిరుగు దిశకు ఎదురుదిశలో, సుడి తిరుగును. భూమధ్యరేఖకు చేరువన ఈ ఒరుగు మిక్కిలి స్వల్పము. కావుననే అచట తుపానులు పుట్టుట అరుదు.

సుడిగాలి వేగమును బట్టి భారత వాతావరణ శాఖ దీనికి పేర్లు పెట్టినది. వేగము గంటకు 31 కిలోమీటర్లకు చేరినచో వాయుగుండము. 50కి చేరినచో తీవ్ర వాయుగుండము. 62కి చేరినచో తుపాను. 89కి చేరినచో తీవ్ర తుపాను. 118కి చేరినచో అతి తీవ్ర తుపాను. బలమైన తుపాను నడుమ గాలి తగ్గి, ఆకాశము కొంత తేటపడిన ప్రదేశ మొకటి ఉండును. దీనినే తుపాను కన్ను అందురు. కన్ను తమ ఊరిపైకి వచ్చినపుడు ప్రజలు గాలివాన వెలిసినదని తలచి బయటకు వచ్చుట ప్రమాదకరము. కొంతసేపటికే గాలి ఎదురుదిక్కు నుండి మరల విజృంభించును.

ఈ సుడిగాలినే అట్లాంటిక్ తీరములలో హరికేన్ అనియు, చైనా, జపాను తీరములలో టైఫూన్ అనియు పిలుతురు. సైక్లోన్ అను పేరు మన దేశముననే పుట్టినది. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు, చుట్ట చుట్టుకొనిన పామును స్ఫురింపజేయు గ్రీకు పదము నుండి ఈ పేరును కల్పించి 1848లో ప్రచురించెను.

బంగాళాఖాతమున తుపానులు ముఖ్యముగా ఋతుపవనములకు ముందు ఏప్రిల్ నుండి జూను వరకును, పిమ్మట అక్టోబరు నుండి డిసెంబరు వరకును పుట్టును. నడుమ ఋతుపవనములు ప్రబలముగా వీచునపుడు క్రిందిగాలి ఒక దిశను, పైగాలి మరియొక దిశను పోవుటచే సుడి నిలువుగా నిలిచి బలపడజాలదు.

తీరమును తాకునపుడు తుపాను మూడు విధముల హాని చేయును: గాలి, వాన, ఉప్పెన. వీనిలో ఉప్పెన మిక్కిలి ఘోరమైనది. గాలి సముద్రజలమును గోడవలె ముందుకు నెట్టుకొని వచ్చి పల్లపు భూములను ముంచివేయును. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్నమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన విరుచుకుపడెను. వేలకొలది ప్రజలు ప్రాణములు కోల్పోయిరి. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయెను.

ఇంతటి శక్తి భూమిపైకి వచ్చిన కొద్ది గంటలలోనే క్షీణింపసాగును. నేలపై వెచ్చని సముద్రము లేదు, ఆవిరి అందదు. నూనె అడుగంటిన దీపమువలె తుపాను కొండెక్కును. చెట్లు, కొండలు, ఇండ్లు గాలి వేగమును అడ్డగించును. అప్పుడే ఆకాశవాణి వార్తలలో “తుపాను తీరము దాటి బలహీనపడినది” అను మాట వినవచ్చును. ఆ మాట విని సముద్రమునకు దూరముగా నున్నవారు నిశ్చింతగా ఉండవచ్చునా? ఉండరాదు. బలహీనపడినది గాలియే కాని, మేఘములు మోసికొని వచ్చిన నీరు కాదు. మోసినవాడు అలసినచోట బరువు దించినట్లు, తుపాను తన నీటిని మార్గమధ్యమున కుమ్మరించును. ఒక ఎకరముపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినను 40,000 లీటర్ల నీరగును.

ఇందుకు తెలంగాణముననే నిదర్శనములు గలవు. 2020 అక్టోబరు 13వ తేదీన కాకినాడకు సమీపమున తీరము దాటినది తుపాను కూడ కాదు. తీవ్ర వాయుగుండము మాత్రమే. అది పడమరగా పయనించి ఆ రాత్రి హైదరాబాదును వరదలలో ముంచెను. పలువురు మరణించిరి. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి నరసాపురము సమీపమున తీరము దాటిన మొంథా తుపాను మరునాటికి బలహీనపడినను, వరంగల్లు, హనుమకొండ ప్రాంతములతోపాటు సిద్దిపేట జిల్లాలోని హుస్నాబాదు ప్రాంతమునను కుండపోతగా కురిసెను. మార్కెట్ యార్డులో అమ్మకమునకు పోసిన వడ్లు తడిసి, కొంత కొట్టుకొనిపోయెను. ఆరునెలల కష్టము ఒక్క పూటలో నీటిపాలయ్యెను. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్నమును తాకిన హుద్‌హుద్ తుపాను శేషము ఉత్తరమునకు సాగి, నేపాలు పర్వతములపై మంచుగా కురిసి నలుబది మందికి పైగా ప్రాణములను బలిగొనెను.

తుపానును ఆపు శక్తి మానవునకు లేదు. దాని నడకను ముందుగా గుర్తించు శక్తి మాత్రము కలదు. 1875లో స్థాపింపబడిన భారత వాతావరణ శాఖ నేడు ఉపగ్రహముల చేతను, రాడారుల చేతను తుపానును పుట్టుక నుండి వెంబడించుచున్నది. హుద్‌హుద్ అతి తీవ్ర తుపానైనను, ప్రజలను ముందుగానే సురక్షిత స్థలములకు తరలించుటచే ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య నూటికి మించలేదు. దివిసీమ దుఃఖముతో పోల్చినచో హెచ్చరిక విలువ తెలియును.

అయితే హెచ్చరిక తీరవాసులకు మాత్రమే కాదు. సిద్దిపేట రైతు ఆ వార్తను విని ధాన్యమును మెరకకు చేర్చి పరదాలు కప్పవలెను. బడినుండి ఇంటికి మరలు బాలురు పొంగి పారు వాగును దాటరాదు. చెరువుకట్ట గట్టిగా నుండి, కాలువలు పూడిక లేక యున్నచో, తుపాను తెచ్చిన నీరే యాసంగి పైరునకు ఆధారమగును. ఒకే వాన ఎరుకగల ఊరికి వరము కాగలదు. ఏమరిన ఊరికి శాపమగును.