డీవీడీ డ్రైవ్‌లో గ్రాఫీన్.. ఆమ్లాలతోనే అసలు ప్రమాదం

నంద్యాల, ఆళ్లగడ్డ: బేతంచెర్ల గనుల్లో నాపరాయి పొరలు పొరలుగా విడివడటం నంద్యాల జిల్లా వాసులకు సుపరిచితమే. పెన్సిల్‌లోని గ్రాఫైటు నిర్మాణమూ ఇంచుమించు అటువంటిదే. అందులో ఒక్క పరమాణువు మందం గల పొరయే గ్రాఫీన్. ఆండ్రీ గీమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ 2004లో మాంచెస్టర్‌లో మామూలు అంటుటేపుతో దీనిని వేరుచేశారు. ఆ కృషికి 2010లో నోబెల్ బహుమతి లభించింది. అయితే టేపుతో వచ్చేది రవ్వంతే.

ఈ చిక్కును ఇంటి కంప్యూటరులోని పరికరమే కొంత తీర్చింది. డిస్కు పైభాగాన పేర్లు, బొమ్మలు ముద్రించే 'లైట్‌స్క్రైబ్' డీవీడీ డ్రైవ్‌లు ఒకప్పుడు విరివిగా దొరికేవి. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మాహెర్ ఎల్‌కాడీ, రిచర్డ్ కానర్ బృందం గ్రాఫైటు ఆక్సైడు కలిపిన నీటిని డిస్కుపై పూసి, ఆరబెట్టి, డ్రైవ్‌లో పెట్టింది. ఆళ్లగడ్డ శిల్పి ఉలితో అనవసరపు రాయిని తొలగించినట్లు, లేజరు కిరణం ఆక్సిజన్‌ను తొలగించింది. బంగారు గోధుమరంగు పూత నల్లబడి గ్రాఫీన్‌గా మారింది. 2012లో 'సైన్స్' పత్రిక ఈ పరిశోధనను ప్రచురించింది. ఒక్క గ్రాము పదార్థపు ఉపరితలం 1,520 చదరపు మీటర్లు; అంటే సుమారు 37 సెంట్ల పొలం! విద్యుదావేశం నిలిచేది ఉపరితలంపైనే కనుక, త్వరగా చార్జయ్యే సూపర్ కెపాసిటర్లకు ఇది అనువైనది. 2013లో అదే బృందం ఒకే డిస్కుపై అరగంటలో వందకు పైగా సూక్ష్మ కెపాసిటర్లను రూపొందించింది.

ఇంత సులువైతే ఇంట్లోనే చేయవచ్చునా? కూడదు. డ్రైవ్ ఇంటిదే గానీ ఆక్సైడు ఇంటిది కాదు. గాఢ గంధకామ్లం, పొటాషియం పర్మాంగనేటు కలిపి దానిని తయారుచేస్తారు. మిశ్రమం వేడెక్కితే పేలుడు సంభవించగలదు. సైన్సు ప్రాజెక్టుల కోసం ఉత్సాహపడే విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో, ప్రయోగశాలలోనే దీనికి పూనుకోవాలి. పైగా లైట్‌స్క్రైబ్ డ్రైవ్‌ల తయారీ నిలిచిపోయింది. మామూలు డ్రైవ్‌లు ఆ పనిచేయలేవు.

ఆమ్లాలతో పనిలేని మార్గమూ ఉంది. చెక్కపై పేర్లు చెక్కే కార్బన్ డయాక్సైడ్ లేజరుతో పాలీఇమైడ్ ప్లాస్టిక్ పొరను కాల్చి, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం 2014లో గ్రాఫీన్ సాధించింది. 2018 నాటికి కొబ్బరిచిప్ప, బంగాళాదుంప, రొట్టెపై కూడా సాధ్యమేనని చూపింది. హైదరాబాద్‌లోని బిట్స్ పిలానీ ప్రాంగణంలోనూ ఈ తరహా గ్రాఫీన్‌తో సెన్సార్లు రూపొందించారు.

ఇక్కడా జాగ్రత్త తప్పదు. పీవీసీతో చేసిన ఫ్లెక్సీ ముక్కలను లేజరు కింద పెడితే విషవాయువు వెలువడుతుంది. పాత డ్రైవ్‌ను విప్పితే అందులోని లేజరు కంటికి హాని చేస్తుంది. లైట్‌స్క్రైబ్‌లో వాడే పరారుణ కిరణమైతే కంటికి సరిగా కనిపించదు కూడా.