బ్యాండు పిల్లల ఇళ్లకు: జూన్ నుంచి ఆగస్టు 15 దాకా ఏం సిద్ధం చేసుకోవాలి



స్కూలు బ్యాండుకు పేర్లు రాయించుకోవడం అయిపోయింది. ఈసారి ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా 28 మంది ముందుకొచ్చారు. మన మహారాష్ట్రలో బళ్లు జూన్ నడుమ తెరుస్తారు కాబట్టి, ఆగస్టు 15కు మన చేతిలో ఉండేది రెండు నెలలు. అందులో ఆదివారాలు, పండుగలు, వానపడే రోజులు, పరీక్షలు తీసేస్తే మిగిలేవి ముప్పై, ముప్పై అయిదు పొద్దులు. అంతే.

కొత్తగా చేరిన పిల్లల అమ్మానాన్నలు కొందరు అడిగారు: "సార్, నేర్పేది మీరు గదా, మేమేం చేయాలి?" అని. వాయించడం, నడవడం నేర్పేది మేమే. కానీ పొద్దున ఏడు గంటలకు పిల్ల కడుపులో ఏదైనా పడిందా, రాత్రి నిద్రపోయిందా, కాలికి సరిపోయే బూటు ఉందా అన్నవి ఇంటి దగ్గర తేలే సంగతులు. సోలాపూర్‌లో మన ఇళ్లు ఎట్లా నడుస్తాయో నాకు తెలుసు. నాన్న మగ్గాల కార్ఖానాలో రాత్రి పాళీ చేసి వస్తాడు. అమ్మ బీడీలు చుడుతూ వంట చేస్తుంది. అందుకే మీ వల్ల అయ్యే పనులే రాస్తున్నాను. కానివి ఏవైనా ఉంటే నాకు చెప్పండి. అది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో కింద రాశాను.

ఎవరి పని ఏమిటి

మన బ్యాండులో పెద్ద డ్రమ్ము ఒకటి, సైడ్ డ్రమ్ములు ఎనిమిది, ఝాంజ్ రెండు జతలు, ట్రయాంగిల్ ఒకటి, బ్యూగిళ్లు నాలుగు, మిగిలినవాళ్లవి ఫ్లూట్లు.

పెద్ద డ్రమ్ము గుండెకాయ లాంటిది. ఎడమ కాలు నేలమీద పడినప్పుడు దాని దెబ్బ పడాలి. దాన్ని వినే అందరూ అడుగు కలుపుతారు. సైడ్ డ్రమ్ము కింది వైపున సన్నని తీగలు ఉంటాయి, ఆ గరగర శబ్దం వాటిదే. బ్యూగిల్‌కు మీటలు ఉండవు. పెదాలు బిగించడం, వదలడం, ఊపిరి పట్టు మార్చడం, వీటితోనే స్వరం మారుతుంది. అందుకే దాంట్లో వచ్చే స్వరాలు కొద్ది. పాట మొత్తం వాయించాలంటే ఫ్లూటు కావాలి. బ్యూగిల్ పిల్లలకు మొదటి రెండు వారాలు పెదాలు నొప్పి పెడతాయి, తుస్సుమని గాలి తప్ప ఏమీ రాదు. ఇంట్లో ఎవరూ నవ్వకండి. మూడో వారంలో వస్తుంది.

ఫ్లూటు ఎవరిది వాళ్లదే. అన్నదమ్ములైనా మార్చుకోవద్దు. బ్యూగిల్ నోరు పెట్టే చోట సబ్బునీళ్లతో కడగకుండా ఇంకొకరికి ఇవ్వొద్దు.

ఆజ్ఞలు హిందీలో ఉంటాయి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ మాట్లాడతారు కాబట్టి భయం లేదు, కానీ విన్న క్షణంలో కాలు కదలాలి. సావధాన్ అంటే మడమలు కలిపి నిటారుగా నిలబడటం. విశ్రామ్ అంటే కాళ్లు ఎడం చేసి నిలబడటం. కదమ్ తాల్ అంటే ఉన్నచోటే అడుగులు వేయడం. తేజ్ చల్ అంటే ముందుకు నడక. థమ్ అంటే ఆగడం. చెల్లెలో తమ్ముడో ఇంట్లో పైకి చదివితే బ్యాండు పిల్ల చేసి చూపాలి. ఆటలాగా అయిదు నిమిషాలు చాలు.

ఇంట్లో ప్రాక్టీసు

డ్రమ్ములు ఇంటికి పంపం. పుల్లలు, ఫ్లూట్లు మాత్రం పంపుతాం. కాబట్టి పక్కింటివాళ్లతో గొడవలు రావు.

డ్రమ్ము పిల్లలు ఇంట్లో ఉన్న చద్దరును నాలుగు మడతలు పెట్టి దానిమీద వాయించాలి. చద్దరు మీద పుల్ల తిరిగి పైకి ఎగరదు, మణికట్టే ఎత్తాలి. అట్లా పదిహేను నిమిషాలు చేసిన చేతికి అసలు డ్రమ్ము చాలా సులువుగా అనిపిస్తుంది. భుజం ఊపకూడదు, మణికట్టు మాత్రమే.

నడకకు గోడ గడియారం చాలు. కవాతు నడక నిమిషానికి సుమారు 120 అడుగులు. అంటే సెకను ముల్లు ఒకసారి కదిలేలోగా రెండడుగులు, ఎడమ, కుడి. మొదట ఎడమ కాలు. గడియారం ముందు నిలబడి రెండు నిమిషాలు కదమ్ తాల్ చేయండి. అందరూ మొదట్లో తొందరపడతారు. గడియారం తొందరపడదు.

మగ్గం మీద పనిచేసే నాన్నలకు ఒక మాట. మగ్గం చప్పుడు మారగానే పోగు తెగిందని మీకు చూడకుండానే తెలుస్తుంది. ఆ చెవి మీ పిల్లకు కావాలి. ఆదివారం ఒకసారి ఎదురుగా కూర్చుని వినండి. ఎక్కడ తప్పుతున్నదో మా కంటే ముందు మీరే చెప్పగలరు.

తిండి, నీళ్లు, నిద్ర

ప్రాక్టీసు పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా. ఖాళీ కడుపుతో పంపకండి. ఉత్త చాయ్ తిండి కాదు. రాత్రి మిగిలిన జొన్నరొట్టె, శేంగా చట్నీ అయినా చాలు. అటుకులు, అరటిపండు, ఏదైనా సరే. అదీ కుదరని రోజు పిల్లను పంపండి, ఆఫీసులో బిస్కెట్లు, పల్లీల లడ్డూలు పెట్టాం. అడగడానికి సిగ్గుపడొద్దని పిల్లలకు చెప్పండి.

కవాతులో పిల్లలు కళ్లు తిరిగి పడిపోవడం మీరు చూసే ఉంటారు. నడిచేటప్పుడు కాదు, కదలకుండా నిలబడినప్పుడు పడతారు. మోకాళ్లు బిగబట్టి చాలాసేపు నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి ఉండిపోతుంది, తలకు తగ్గుతుంది. ఖాళీ కడుపు, ఎండ, నీళ్లు తాగకపోవడం దానికి తోడవుతాయి. అందుకే మోకాళ్లు కొంచెం సడలించి నిలబడమని, బూటులో కాలివేళ్లు కదుపుతూ ఉండమని నేర్పుతున్నాం. కళ్లు మసకబారినా, చెవులు గుయ్‌మన్నా వెంటనే కూర్చోవాలి. వరుస చెడుతుందని భయపడొద్దు. కూర్చున్న పిల్లను ఎవరూ ఏమీ అనరు. ఇది నా మాట.

నీళ్ల సీసా రోజూ తేవాలి. రాత్రి పదింటికల్లా పడుకోవాలి.

ప్రాక్టీసు తర్వాత చెవుల్లో గంట మోగినట్టు ఉంటే దాచకుండా చెప్పాలి. అట్లాంటి పిల్లల చోటు మారుస్తాం. గదిలో తలుపులు మూసి డ్రమ్ములు వాయించనివ్వం, ఎప్పుడూ మైదానంలోనే.

బూట్లు, డ్రెస్సు, ఖర్చు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి.

కొన్నేళ్ల కింద తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె సైడ్ డ్రమ్ము ముందు వరుసలో ఉండేది. చెయ్యి చక్కగా కుదిరింది. జులైలో వరుసగా నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు వస్తే అందరి ముందూ కోప్పడ్డాను, నీకు శ్రద్ధ లేదన్నాను. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. పుల్లలు నా బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. పదిహేను రోజుల తర్వాత వేరే పనిమీద వాళ్ల అమ్మ వచ్చింది. "తెల్ల బూట్లు కావాలన్నరు గద సార్. ఆ వారం బీడీల పైసలు రాలే. బూట్లు లేకుంటే తిడతరని పిల్ల రాలే" అన్నది. బూట్లు బడి బీరువాలోనే ఉన్నాయి. అడగొచ్చని వాళ్లకు తెలియదు, ముందే చెప్పాలని నాకు తోచలేదు. అప్పటికే ఆ చోట ఇంకో పిల్లను నిలబెట్టాం. ఆ ఏడు ఆగస్టు 15న ఆమె గోడ పక్కన నిలబడి చూసింది. నేను అటువైపు చూడలేకపోయాను.

అందుకే ఇప్పుడు స్పష్టంగా రాస్తున్నాను. బ్యాండు డ్రెస్సు, టోపీ, బెల్టు బడివే. తెల్ల కాన్వాసు బూట్లు ఉన్నవాళ్లు అవే వేసుకోవచ్చు. లేనివాళ్లకు బడి ఇస్తుంది. అప్పు చేసి కొనకండి. ఎవరికి బడి బూట్లు ఇచ్చామో ఎవరికీ తెలియదు, అన్నీ ఒకే రకం. వాయిద్యం వాడకంలో అరిగినా, చిరిగినా డబ్బు అడగం.

బూటు వేలెడు వదులుగా ఉండాలి. కొత్త బూటు ఆగస్టు 15 పొద్దున మొదటిసారి వేయకండి, మడమ ఒరుసుకుపోతుంది. రెండు వారాల ముందునుంచి రోజూ గంటసేపు వేసి తిప్పండి. నూలు సాక్సులు వేయండి.

పెద్ద డ్రమ్మును తూకం వేసి చూశాం, ఏడు కిలోలకు కొంచెం తక్కువ. దాన్ని ఇద్దరు పిల్లలు వంతులవారీగా మోస్తారు. వీపు నొప్పి ఉన్న పిల్ల ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆడపిల్లల అమ్మలకు

నెలసరి రోజుల్లో రానక్కర్లేదని మేం అనం, రావాలనీ అనం. అది పిల్ల ఇష్టం. తెల్ల డ్రెస్సు భయంతో మానేసిన పిల్లలు ఉన్నారని టీచరమ్మలు చెప్పారు. అందుకని కింది భాగం ముదురు నీలం రంగుకు మార్చాం. ప్యాడ్లు టీచరమ్మల గదిలో ఉంటాయి. ప్రాక్టీసు, రిహార్సలు అన్నిటికీ ఒక టీచరమ్మ వెంట ఉంటారు. బయటి మైదానానికి వెళ్లినప్పుడు పిల్లలను మళ్లీ బడి దాకా తెచ్చాకే పంపుతాం.

పండుగలు, ఊరి ప్రయాణాలు

నారళీ పౌర్ణమి రోజున మార్కండేయస్వామి రథం వెళ్తుంది. ఆ రోజు మన ఇళ్లలో ఎవరూ ఖాళీగా ఉండరు. ఆ రోజూ, ముందు రోజూ ప్రాక్టీసు లేదు. ఆ పౌర్ణమి ఒక్కో ఏడు ఆగస్టు 15కు దగ్గరగా పడుతుంది, ఒక్కో ఏడు దూరంగా పడుతుంది. దానికి తగ్గట్టు మేమే తేదీలు సర్దుతాం. పండుగా, బ్యాండా అని పిల్లను ఎంచుకోమనం.

మీ వైపు నుంచి అడిగేది ఒకటే. పెళ్లికో, తెలంగాణలో చుట్టాల ఇంటికో వెళ్లేది ఉంటే వారం ముందు చెప్పండి. సైడ్ డ్రమ్ములు ఎనిమిది ఎనిమిదిగా నడుస్తాయి. ఒకరు తగ్గితే వరుసలో ఖాళీ మధ్యలో ఉండకుండా అందరి చోట్లూ మార్చాలి. ముందు తెలిస్తే అది పది నిమిషాల పని, ఆ పొద్దున తెలిస్తే రోజంతా పోతుంది. ఆగస్టు మొదటి తేదీ తర్వాత మాత్రం, ఆపద అయితే తప్ప, ఊరికి తీసుకెళ్లకండి.

పదో తరగతి, చదువు

"బ్యాండుకు మార్కులు వస్తాయా సార్?" అని అడుగుతారు. ఆ ఆశతో పంపకండి. పదో తరగతి పిల్లలు ఆగస్టు 15 దాకా ఉంటారు. తర్వాత బోర్డు పరీక్షల చదువు. జనవరి 26కు రావడం వాళ్ల ఇష్టం. తొమ్మిదో తరగతివాళ్లు అప్పటికి ముందు వరుసకు వస్తారు. ప్రాక్టీసు గంట దాటదు, మొదటి పీరియడు పోదు.

కేంద్ర విద్యాశాఖ, రక్షణశాఖ కలిసి జరిపే జాతీయ స్కూలు బ్యాండు పోటీ గురించి పిల్లలు అడుగుతున్నారు. అందులో బ్రాస్ బ్యాండు, పైప్ బ్యాండు అని రెండు రకాలు, మగపిల్లలకు, ఆడపిల్లలకు వేరువేరుగా ఉంటాయి. మనది డ్రమ్ము, ఫ్లూటు బ్యాండు. ఈసారి మనం అటు పోవడం లేదు. మన ఊరి మైదానంలో సరిగ్గా నడిస్తే నాకు చాలు.

ఏం వాయిస్తాం

నడకకు ఆజాద్ హింద్ ఫౌజ్ కవాతు పాట "కదమ్ కదమ్ బఢాయే జా". జెండా ఎగిరాక జనగణమన. పూర్తి గీతం సుమారు 52 సెకన్లలో ముగియాలి. ఫ్లూటు పిల్లలు ఇంట్లో గడియారం పెట్టుకుని చూడండి.

పిల్లలూ, ఒక సంగతి తెలుసుకోండి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు, ప్రిన్సిపల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ ఆ గీతానికి స్వరాలు రాసిపెట్టారు. మీరు ఊదే పాట స్వరాలు ఒకప్పుడు తెలుగు గడ్డమీద కాగితంపైకి ఎక్కాయి. ఇంకోటి మన ఊరి సంగతి. 1930లో సోలాపూర్‌లో బ్రిటిష్‌వాళ్లు మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందేలను ఉరితీశారు. రోజూ మీరు దాటిపోయే ఆ నాలుగు విగ్రహాలు వాళ్లవే. ఈ ఊళ్లో జెండా ముందు నిలబడటం చిన్న పని కాదు.

తెలుగు మీడియంలో పిల్లలు తగ్గుతున్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మిగతా బళ్ల పక్కన మన 28 మంది ఒకే అడుగుగా నడిచినప్పుడు, ఈ బడి ఇంకా ఉందని ఊరికి నేను వేరేగా చెప్పనక్కర్లేదు.

ఈ వారం చేయవలసినవి

అంగీకార పత్రం సంతకం చేసి శనివారంలోగా పంపండి. వేలిముద్ర అయినా సరే. ఉబ్బసం, ఫిట్స్, గుండె జబ్బు వంటివి ఉంటే అందులో రాయండి. బూటు సైజు రాయండి, బడి బూట్లు కావాలంటే పక్కన అడ్డగీత ఒకటి గీస్తే చాలు. ఆగస్టు దాకా తెలిసిన ప్రయాణాలు ఉంటే తేదీలు రాయండి.

సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఆఫీసులోనే ఉంటాను. పనివల్ల రాలేని అమ్మలు పిల్లతో చీటీ పంపితే నేనే ఇంటికి వస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయుడు