మందుపెట్టె తన లెక్క తానే ఎలా చెబుతుంది?

ద్రాక్షారామం నుంచి విజయవాడకు కారులో వెళ్తుంటే రావులపాలెం దగ్గర ఈతకోట టోల్‌గేటు తగులుతుంది. అక్కడ కారు అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌ను ఎప్పుడైనా గమనించావా? అందులో బ్యాటరీ ఉండదు. మరి గేటుకు మన కారు సంగతి ఎవరు చెప్పారు?

గేటు పైనున్న యంత్రం రేడియో తరంగాలు వదులుతుంది. స్టిక్కర్ లోపల సన్నటి లోహపు గీతలు, వాటి మధ్య ఆవగింజ కన్నా చిన్న చిప్పు ఉంటాయి. ఆ తరంగాల్లోంచే రవ్వంత కరెంటు పుట్టించుకుని చిప్పు మేలుకుంటుంది, తన నంబరు చెప్పేస్తుంది.

కొన్ని పెద్ద ఆసుపత్రుల వార్డుల్లో మందుపెట్టెలకూ ఇలాంటి చీటీలే అతికిస్తారు. నర్సమ్మ చేతియంత్రం పట్టుకుని బీరువా దగ్గర నిలబడితే చాలు, అట్టపెట్టెలు విప్పక్కర్లేదు. చీటీలన్నీ ఒకేసారి అరిస్తే గోలే కదా! అందుకే క్లాసులో టీచరు హాజరు వేసినట్టు యంత్రం వాటికి వంతులు పెడుతుంది. సెకనులో వందలు పలుకుతాయి. నంబరును బట్టి అది ఏ మందో, గడువు ఎప్పుడు తీరుతుందో కంప్యూటరు చెబుతుంది. గడువు దగ్గరపడ్డవి ముందు వాడేస్తారు.

మన దేశంలో 2023 ఆగస్టు 1 నుంచి 300 మందుల బ్రాండ్లకు బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి. రేడియో చీటీ కన్నా ఈ కోడ్ చవకే, కానీ ఒక్కోదాన్నీ స్కానరుకు చూపించాలి.

రేడియో చీటీకీ ఓ పేచీ ఉంది, దానికి నీళ్లన్నా లోహమన్నా పడదు! సెలైన్ సీసా తరంగాలను మింగేస్తుంది, స్టీలు ట్రే వాటిని వెనక్కి కొడుతుంది. అందుకే అలాంటి వాటికి చీటీ వెనక మందపాటి స్పాంజి పొర పెట్టి అతికిస్తారు.