నల్లబల్ల పోయి... తెర వచ్చె!

నల్లబల్ల, సుద్దముక్క, డస్టరు... ఒకప్పుడు బడి అంటే ఇవే! ఇప్పుడు గోదావరి జిల్లాల్లోని చాలా సర్కారు ఉన్నత పాఠశాలల్లో గోడ మీద పెద్ద తెర కనిపిస్తోంది. వేలితో తాకితే చాలు, సైన్సు పాఠంలోని గుండె టకటకా కొట్టుకుంటుంది. 2019 నవంబరు 14న మొదలైన 'నాడు-నేడు' కింద 2023లో హైస్కూలు తరగతులకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు ఇచ్చారు. వాటిని చూసి 'మన బడికీ ఒకటి కొందాం' అనుకునే ప్రైవేటు యాజమాన్యాలూ, చందాలు పోగుచేసే పూర్వ విద్యార్థులూ ఉన్నారు. చందా మళ్లీ మళ్లీ రాదు. ఎంపిక తప్పితే నష్టపోయేది పిల్లలే. మరి ఏది కొనాలి?

మూడు దారులు

మొదటిది మామూలు ప్రొజెక్టరు. తక్కువ ఖర్చులో పెద్ద బొమ్మ. రెండోది ఇంటరాక్టివ్ వైట్‌బోర్డు. కెనడాకు చెందిన స్మార్ట్ సంస్థ 1991లో తెచ్చిన ఈ బోర్డు మీద ప్రొజెక్టరు వెలుగు పడుతుంటే, దాని మీదే రాయొచ్చు. కాకపోతే మాస్టారు అడ్డొస్తే నీడ పడుతుంది. బోర్డుకు దగ్గర్లోనే బిగించే షార్ట్ త్రో ప్రొజెక్టరుతో ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. మూడోది ఫ్లాట్ ప్యానెల్. నీడ ఉండదు, బల్బు మార్చే పని లేదు. ధర మాత్రం ఎక్కువ.

కిటికీ మూస్తే ఉక్కపోత

మన డెల్టాలో కిటికీలు తీయకపోతే ఉక్క. తీస్తే ప్రొజెక్టరు బొమ్మ వెలిసిపోతుంది. లైట్లు వెలిగే గదికి కనీసం మూడు వేల ల్యూమెన్లకు పైబడిన ప్రొజెక్టరు కావాలి. మామూలు బల్బు కొన్ని వేల గంటలే వస్తుంది. లేజరు రకమైతే దాదాపు 20 వేల గంటలు. ఎండ నేరుగా పడే గదికి ప్యానెలే మేలు.

ఆఖరి బెంచీయే పరీక్ష

బొమ్మ ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాటితే అక్షరాలు చదవడం కష్టమని ఓ లెక్క. 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు దాదాపు 37 అంగుళాలు. అంటే 18 అడుగుల వరకే. గది అంతకన్నా పొడవైతే 100 అంగుళాల ప్రొజెక్టరు బొమ్మ నయం. కొనేముందు 65 అంగుళాల వెడల్పు, 37 అంగుళాల ఎత్తున చార్టులు గోడకు అతికించి, నాలుగు వాక్యాలు రాసి, ఆఖరి బెంచీలో కూర్చున్న పిల్లాణ్ని చదవమనండి. పైసా ఖర్చు లేని పరీక్ష!

ఇవీ అడగండి

* పెద్ద ప్యానెల్ బరువు 50 కిలోలు దాటొచ్చు. గోడ మోస్తుందా?
* కరెంటు పోతే? యూపీఎస్, సరైన ఎర్తింగ్ లేకుండా కొనడమంటే ఏనుగును కొని అంకుశానికి వెనకాడటమే.
* లంక గ్రామాల్లో వరదొస్తే బడిలోకి నీళ్లొస్తాయి. తెరను ఎంత ఎత్తున బిగిస్తారు?
* చెడిపోతే మరమ్మతుకు ఊరికొస్తారా, మనమే మోసుకెళ్లాలా?
* తెలుగు మాధ్యమం పాఠాలున్నాయా? నెట్ లేకున్నా నడుస్తాయా?
* టీచర్లకు శిక్షణ ఎన్ని రోజులు?

చివరి ప్రశ్నే అసలైనది. కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ధవళేశ్వరంలో బాలికలకు బడి పెట్టినప్పుడు ఈ తెరలేవీ లేవు. నేర్పాలన్న తపన ఉంది. అది ఉన్న మాస్టారి చేతిలో పడితేనే తెరకు వెలుగు. లేదంటే... అది ఖరీదైన నల్లబల్లే!