గుమ్మడి పై

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నవంబరు నాలుగవ గురువారమున జరుగు కృతజ్ఞతార్పణ పండుగకు గుమ్మడి పై ముఖ్య భక్ష్యము. గోధుమపిండికి వెన్న పట్టించి, చల్లని నీటితో ముద్దచేసి, పలుచగా నొత్తి పళ్లెములో పఱతురు. అందు గుమ్మడిగుజ్జు, పాలు, గ్రుడ్లు, చక్కెర, దాల్చినచెక్క, శొంఠి కలిపి పోసి కాల్తురు. వేడికి గ్రుడ్లు గట్టిపడుటచే గుజ్జు ముక్కలుగా కోయుటకు వీలగును.

సారా హేల్ అను పత్రికాసంపాదకురాలు ఈ పండుగను దేశమంతట ఒకేనాడు జరుపవలెనని ఏండ్లతరబడి కోరెను. అంతర్యుద్ధమున అన్నదమ్ములే పోరాడుచుండగా, 1863లో లింకను అధ్యక్షుడు అట్లే ప్రకటించెను. దక్షిణాదివారు పలువురు దీనిని ఉత్తరాదివారి పండుగయని చాలకాలము అంగీకరింపరైరి. నేడు వారును జరుపుకొందురు. చిలగడదుంపతో పై వండువారును కలరు.

మనము పులుసు పెట్టుకొను తియ్యగుమ్మడియు అమెరికా ఖండమునుండి వచ్చినదే. ఒక్క ప్రకటనతో కలియని మనసులు ఒక్క పంక్తిని మెల్లగా కలియునని మేము తలంతుము.